బొలోన్యాలో రెండు రోజులున్నాను, ఒక్క పూట కూడా తృప్తిగా తినలేదు. ఈసారి అమ్మానాన్నలతో వెళ్తున్నాం, దారి చెప్పండి

కృష్ణాతీరం
మార్చిలో ఆఫీసు పని మీద బొలోన్యా వెళ్ళాను. ఇటలీలో తిండికి పెట్టింది పేరు ఆ ఊరు అని విని ఎంతో ఆశపడ్డాను. మొదటి రోజు ఒక హోటల్లో కూర్చుని స్పగెట్టి బొలొనీస్ అడిగితే, వడ్డించే ఆయన మొహం ముడుచుకుని ‘అది మా దగ్గర ఉండదు’ అన్నాడు. ఊరి పేరు పెట్టుకున్న వంట ఆ ఊళ్ళోనే లేకపోవడం ఏమిటి? మధ్యాహ్నం మూడింటికి ఇంకో చోటికి వెళ్తే వంటగది కట్టేశామన్నారు. రాత్రి తిన్న చోట బిల్లులో ‘కోపెర్తో’ అని అడగని దానికి డబ్బు వేశారు. రెండో రోజు అరటిపళ్ళు, బిస్కెట్లతో గడిచింది.

నవంబరులో తమ్ముడికి అక్కడ పట్టా ఇస్తున్నారు. అమ్మానాన్నలతో నాలుగు రోజులు ఉంటాం. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్న కోడి, చేప తింటారు, గొడ్డు మాంసం, పంది మాంసం వద్దంటారు. నాకు ఏ పట్టింపూ లేదు. ఈ ముగ్గురం కలిసి ఆ ఊరి అసలు తిండి ఎలా తెలుసుకోవాలి? చూడదగిన స్థలాల జాబితాలు నా దగ్గర బోలెడున్నాయి, అవి వద్దు.

ఆవకాయ జాడీ
పులిహోర పొడి, కందిపొడి, చిన్న కరెంటు కుక్కరు. బియ్యం అక్కడ దొరుకుతాయి. పెద్దవాళ్ళతో ప్రయోగాలు వద్దమ్మా.

మిరియాల పొడి
జాడీ గారూ, కుక్కరు తీసుకెళ్ళమనండి, నేనూ తీసుకెళ్తాను. కానీ ఆవిడ అడిగింది కడుపు నింపుకోవడం గురించి కాదు, ఆ ఊరి తిండి గురించి.

పోర్టికో నీడలో
నేను ఇక్కడే చదువుతున్నాను, రెండో ఏడు. అక్కా, మీకు జరిగినవన్నీ మొదటి నెలలో నాకూ జరిగాయి.

స్పగెట్టి బొలొనీస్ అన్నది ఈ ఊరి వంట కాదు. ఇక్కడ మాంసం రగూని, అంటే సన్న సెగ మీద ఉడికించిన చిక్కటి మాంసం సాసుని, గుడ్డు కలిపిన వెడల్పాటి పాస్తా రిబ్బన్లతో, అంటే తాల్యాతెల్లెతో తింటారు. సన్నటి గుండ్రటి స్పగెట్టికి చిక్కటి రగూ అంటుకోదు, పళ్ళెం అడుగున మిగిలిపోతుంది. 2019లో అప్పటి మేయరే ప్రపంచంలో ఎక్కడెక్కడ ఆ పేరుతో ఏమేమి అమ్ముతున్నారో ఫోటోలు పంపమని జనాన్ని అడిగారు. కాబట్టి ఆయన మొహం ముడవడం మీ మీద కోపం కాదు, ఆ పేరు మీద కోపం.

వేళల సంగతి: మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర, రాత్రి ఏడున్నర తర్వాత. మధ్యలో చాలా చోట్ల పొయ్యి వెలగదు. కోపెర్తో అంటే బల్ల, రొట్టె, గుడ్డ, అన్నింటికీ కలిపి మనిషికి ఇంత అని వేసే రుసుము. ఎంతో పట్టికలో ముందే రాసి ఉంటుంది, చూసుకుని కూర్చోండి.

ఓరుగల్లు బాటసారి
రెండున్నరకి పొయ్యి కట్టేస్తే అమీర్‌పేట ఉద్యోగులు ఏమైపోవాలి!

పాతబావి
బొలోన్యా పక్కన ప్యాకింగు యంత్రాలు తయారు చేసే కంపెనీలో పద్నాలుగేళ్ళు పనిచేశాను. ఆ ఊరికి మూడు బిరుదులు: చదువుల ఊరు, ఎర్ర ఊరు, కొవ్వు ఊరు. చదువు, 1088 నుంచి లెక్కపెట్టే విశ్వవిద్యాలయం వల్ల. ఎరుపు, ఇటుక గోడల వల్ల. కొవ్వు అన్నమాట వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. చుట్టూ పో నది మైదానం, గోధుమ, పాడి, పందులు. దక్షిణాన ఆలివ్ నూనెతో వండితే ఇక్కడ వెన్నతో, పందికొవ్వుతో వండేవారు. కృష్ణాతీరం గారి అమ్మగారికి కష్టం వచ్చేది అక్కడే. మాంసం పళ్ళెంలో కనిపిస్తే పక్కన పెట్టవచ్చు, పందికొవ్వు రొట్టెలో ఉంటుంది.

పాలవెల్లి
పాతబావి గారు చెప్పింది చాలా ముఖ్యం. దానికి ఇంకొకటి కలుపుతాను, ఎందుకంటే నేను తెలియక మూడు రోజులు తిన్నాను. పార్మిజానో రెజ్జానో జున్ను శాకాహారం కాదు. పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్టే వేయాలని నియమం. అది లేకపోతే ఆ పేరే పెట్టుకోకూడదు. టమాటా పాస్తా మీద, సూపులో, కూరగాయల మీద అన్నింటి మీదా అదే తురుముతారు. అమ్మగారికి ముందే చెప్పండి.

ఆవకాయ జాడీ
చూశారా? నేను చెప్పిన కుక్కరే దిక్కు.

కృష్ణాతీరం
పాలవెల్లి గారూ, మీరు చెప్పకపోతే అమ్మకి ఆ జున్నే పెట్టేదాన్ని. చాలా థాంక్స్. మరి ఆవిడకి మిగిలింది ఏమిటి?

పోర్టికో నీడలో
చాలా ఉన్నాయక్కా. నా గదిలో ఉండే అమ్మాయి గుంటూరు, తనూ గుడ్డు తినదు.

అంగట్లో దొరికే ఎండు పాస్తా మామూలుగా గట్టి గోధుమ రవ్వ, నీళ్ళతో చేస్తారు, చాలావాటిలో గుడ్డు ఉండదు, పొట్లం మీద చూసుకోండి. టమాటా, తులసి వేసి, జున్ను లేకుండా ఇమ్మంటే ఇస్తారు. నవంబరు అంటే పొలెంతా కాలం. మొక్కజొన్న రవ్వని గరిటె తిప్పుతూ ఉడికిస్తారు, సంకటి తిన్నవాళ్ళకి కొత్త అనిపించదు. పుట్టగొడుగులతో అడగండి. అపెన్నైన్ కొండల నుంచి వచ్చే చెస్ట్‌నట్ కాయలు వీధిలో కాలుస్తుంటారు. ఐస్‌క్రీములో ‘ఫియోర్ ది లాత్తె’ అంటే ఉత్త పాలది, మామూలుగా గుడ్డు ఉండదు. ‘క్రేమా’ అంటే గుడ్డు సొన ఉంటుంది. అయినా కొనేముందు ప్రతిసారీ అడగండి.

రెండు మాటలు నేర్చుకోండి: ‘సెన్‌త్సా వోవా’ అంటే గుడ్డు లేకుండా, ‘సెన్‌త్సా స్త్రుత్తో’ అంటే పందికొవ్వు లేకుండా.

పాలవెల్లి
పాలకూర కలిపిన ఆకుపచ్చ లజాన్యా చూసి మోసపోకండి. రంగు పొరలకి మాత్రమే, పొరల మధ్య ఉండేది మాంసం రగూ.

తెనాలి వాన
ఫ్రిజ్జోనే అనే ఉల్లిపాయ కూర ఉంటుందట కదా, అది పనికిరాదా?

పాతబావి
వాన గారూ, అది నాకు ప్రాణం. తెల్ల ఉల్లిపాయలు కిలోల కొద్దీ సన్నగా తరిగి, ఉప్పు, పంచదార పట్టించి కొన్ని గంటలు ఊరనిస్తారు. తర్వాత కాస్త టమాటా వేసి, సన్న సెగ మీద ఉల్లి ఆనవాలు లేకుండా కరిగేదాకా వదిలేస్తారు. మన ఉల్లికారం దగ్గరలోకి వచ్చే రుచి, కారం మాత్రం ఉండదు. పాత పద్ధతిలో అదీ పందికొవ్వుతోనే. ఇప్పుడు నూనెతో చేసేవాళ్ళున్నారు, అడిగి తినాలి.

మిరియాల పొడి
నన్ను ఇబ్బంది పెట్టేది వేరే. ఈ ఊరివాళ్ళు వంటల్ని తీసుకెళ్ళి వాణిజ్య మండలిలో నోటరీ ముందు నమోదు చేయించారు. తోర్తెల్లీని అనే చిన్న పాస్తా పొట్లాల్లో కూరే పదార్థం 1974లో, రగూ 1982 అక్టోబరు 17న. తాల్యాతెల్లె వెడల్పు ఉడికాక 8 మిల్లీమీటర్లు ఉండాలని, అది ఊళ్ళోని అసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతు అని 1972లో రాయించి, బంగారపు నమూనా కూడా పెట్టారు. మా అమ్మమ్మ గోంగూర పచ్చడికి ఏ ముద్రా లేదు, అయినా నాలుగు తరాలుగా అదే రుచి. వంట చేతిలో ఉండాలి గానీ బీరువాలో కాదు.

పోర్టికో నీడలో
ఆ నమూనా ఉన్న భవనం ముందు నుంచే రోజూ కాలేజీకి వెళ్తాను. నాకు ముచ్చటగానే ఉంటుంది.

పాతబావి
మిరియాల పొడి గారూ, నాలుగు తరాలుగా అదే రుచి అన్నారు. మీ అమ్మమ్మగారి చేయి చూసి మీ అమ్మగారు నేర్చుకున్నారు కాబట్టి. చేయి చూసేవాళ్ళు తగ్గిపోతున్నప్పుడు రాసి పెట్టుకోవడంలో తప్పేముంది? ఈ ఊరి వంట పేరుతో ప్రపంచమంతా తోచినట్టు వండి అమ్ముతుంటే వాళ్ళ బాధ వాళ్ళది. ఇక రాసింది రాతి మీద గీత కూడా కాదు. 1982 పత్రంలో గొడ్డు మాంసంలో ఒక ప్రత్యేకమైన ముక్కే వాడాలని ఉంది. అది దొరకడం కష్టమైంది. 2023లో పత్రాన్ని తిరగరాసి వేరే ముక్కలకీ, తెల్ల వైనుకైనా ఎర్ర వైనుకైనా ఒప్పుకున్నారు. పాలు ఇష్టమైతేనే అన్నారు.

మిరియాల పొడి
అంటే మారుతుందనే కదా? 1891లో ఆర్తూజీ ప్రచురించిన వంటల పుస్తకంలో బొలోన్యా పద్ధతి పాస్తా ఉంది. అందులో టమాటా చుక్క లేదు. ఏది అసలు, ఏది కొత్త?

పాతబావి
అది నిజమే. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నేను పద్నాలుగేళ్ళలో తిన్న ఏ రెండు ఇళ్ళ రగూ ఒకలా లేదు. మా ఇంటి యజమానురాలు పాలు పోసేది, ఆవిడ చెల్లెలు పోస్తే కోప్పడేది. ఇద్దరూ ఆ పత్రం చదవలేదు.

మిరియాల పొడి
అదీ, ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ళే నాకు బొలోన్యా. పత్రం ఉండనివ్వండి, నేను తగవు పెట్టుకోను.

అప్పడాల కర్ర
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను, ఇప్పుడు ఆగలేను. కృష్ణాతీరం గారూ, మీ అమ్మగారికి అక్కడ చూపించవలసింది పళ్ళెంలో లేదు, పీట మీద ఉంది. పాస్తా పొర వత్తే ఆడవాళ్ళని స్ఫోల్యీనా అంటారు. పొరని స్ఫోల్యా అంటారు. కొన్ని దుకాణాల్లో అద్దం వెనకాల నిలబడి వత్తుతారు, ఎవరైనా ఆగి చూడవచ్చు. నేను ఒక ఉదయమంతా నేర్చుకున్నాను, చెప్తాను వినండి.

వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు. నీళ్ళు లేవు, ఉప్పు లేదు. పెద్ద చెక్క పలక మీద పిండి పోసి మధ్యలో గుంట చేసి గుడ్లు కొడతారు. ఫోర్కుతో గిలకొడుతూ అంచుల పిండిని కొంచెం కొంచెం లోపలికి లాగుతారు. తర్వాత అరచేతి మడమతో పావుగంట పిసకడం. మొదట మొండికేస్తుంది, చేతికి నొప్పి వస్తుంది. ఉన్నట్టుండి మెత్తబడి పసిపిల్ల బుగ్గలా అవుతుంది. అప్పుడు కప్పి అరగంట వదిలేయాలి. నేను తొందరపడి ఇరవై నిమిషాలకే తీశాను. వత్తినకొద్దీ వెనక్కి ముడుచుకుపోయింది. ఆ పెద్దావిడ ఏమీ అనకుండా ముద్దని నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ గిన్నె బోర్లించింది.

కర్ర మన అప్పడాల కర్రలా ఉండదు, దాదాపు మీటరు పొడవు. పొర కొంత వెడల్పయ్యాక దాని సగం పలక అంచు నుంచి కిందికి వేలాడనిస్తారు. ఆ బరువుకి అది పలక మీద కదలకుండా ఉంటుంది. మిగతా సగాన్ని కర్రకి చుట్టి, రెండు అరచేతులూ మధ్య నుంచి చివరలకి జరుపుతూ ముందుకు తోస్తారు. నొక్కరు, సాగదీస్తారు. చివరికి పొర ఎత్తి కిటికీ వెలుతురుకి పెడితే అవతల కొండ మీది సాన్ లూకా గుడి కనిపించాలని అక్కడి సామెత. చెక్క మీద వత్తడం వల్ల పొర కాస్త గరుకుగా ఉంటుంది. రగూ పట్టుకునేది ఆ గరుకునే. స్టీలు బల్ల మీద చేస్తే ఆ పట్టు రాదు.

తెనాలి వాన
ఆత్రేయపురంలో పూతరేకులు చేసేవాళ్ళు గుర్తొచ్చారు. పొర వెలుతురుకి పెట్టి చూడటం అచ్చం అదే.

అప్పడాల కర్ర
అవును వాన గారూ, కానీ రేకు కుండ మీద ఒక్క క్షణంలో అయిపోతుంది. ఇది ఓపికగా సాగదీయవలసింది.

ఓరుగల్లు బాటసారి
మరి నాన్నగారి సంగతి ఎవరూ చెప్పలేదు.

పోర్టికో నీడలో
ఆయనకి తోర్తెల్లోనీ అడగండి. తోర్తెల్లీని కాదు, చివర ‘లోనీ’. చిన్నవాటిలో పంది మాంసం, హామ్, మోర్తదెల్లా అనే పంది మాంసం సాసేజీ, జున్ను కూరి, కోడిపుంజు పులుసులో వేస్తారు. పెద్దవాటిలో రికొత్తా జున్ను, పార్మిజానో, పార్స్లీ ఉంటాయి, మాంసం ఉండదు. వెన్న, సేజ్ ఆకుతో తింటారు. క్రిస్మస్ ముందు రోజు మాంసం తినని ఇళ్ళలో ఇవే వండేవారు. పేరు గట్టిగా పలికి రెండుసార్లు చెప్పించుకోండి. మా క్లాసులో ఒకడు ఆ ఒక్క అక్షరం తేడాతో చిన్నవి తెప్పించుకుని తినలేక లేచిపోయాడు.

పాతబావి
కోడి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. 2019లో ఊరి పోషకుడైన సాన్ పెత్రోనియో పండుగకి, పంది మాంసం తినని వారూ కలిసి తినడానికని కోడి మాంసం కూరిన తోర్తెల్లీని కూడా పెడదామన్నారు. దాని మీద దేశమంతా రాజకీయంగా గొడవ జరిగింది. మామూలు తోర్తెల్లీనిని ఎవరూ తీసేయలేదు, పక్కన ఇంకో గిన్నె పెట్టారు, అంతే. మా ఇంటి యజమానురాలు ‘అతిథికి పడనిది పెట్టడం ఎక్కడి మర్యాద’ అంది. నాకు ఆ మాట బాగా నచ్చింది.

మిరియాల పొడి
ఆవిడకి నా నమస్కారం చెప్పండి.

పాలవెల్లి
క్వాద్రిలాతెరో గురించి ఎవరూ చెప్పలేదేమిటి? పెద్ద చౌకు పక్కనే పాత అంగళ్ళ సందులు. వీధుల పేర్లే చెప్తాయి: ఒరెఫిచి అంటే కంసాలులు, పెస్కెరీ వెక్కె అంటే పాత చేపల అంగళ్ళు, ద్రాప్పెరీ అంటే బట్టల వర్తకులు. ఉదయం వెళ్ళండి. హామ్ తొడలు వేలాడుతుంటాయి, అమ్మగారికి ఆ వాసన పడకపోవచ్చు. అప్పుడు మెర్కాతో దెల్లె ఎర్బెకి తీసుకెళ్ళండి, కూరగాయల మార్కెట్టు. నేను అక్కడ గంటసేపు ఊరికే తిరిగాను. ఎర్రటి చేదు ఆకులు, గుమ్మడికాయలు, ముళ్ళున్న ఆర్టిచోకులు. ఒక ముసలాయన నాకు గుమ్మడికాయ ఎలా కాల్చాలో చేతులతో చూపించాడు, మాట ఒక్కటీ అర్థం కాలేదు, వంట అర్థమైంది.

మొదేనా అనే ఊరు దగ్గరే, రైలులో అరగంట లోపు. అక్కడి సంప్రదాయ బాల్సమిక్ వెనిగరుని, కాచిన ద్రాక్షరసాన్ని వరసగా చిన్నవయ్యే చెక్క పీపాల్లో కనీసం పన్నెండేళ్ళు ఉంచి చేస్తారు. ఫియోర్ ది లాత్తె మీద నాలుగు చుక్కలు వేసి అమ్మగారికి ఇవ్వండి. బెల్లం పాకంలో చింతపండు తగిలినట్టు ఉంటుంది.

కృష్ణాతీరం
ఇదంతా అచ్చు వేయించుకుని తీసుకెళ్తున్నాను. జాడీ గారూ, కుక్కరు కూడా సర్దాను.

ఆవకాయ జాడీ
బంగారు తల్లివి.

కృష్ణాతీరం
నిన్న తిరిగి వచ్చాం. చెప్పకుండా ఉండలేను.

తమ్ముడి తల మీద లారెల్ ఆకుల కిరీటం పెట్టారు, నాన్న ఏడ్చేశారు. పట్టా చేతికి రాకముందు అసినెల్లి గోపురం ఎక్కితే చదువు పూర్తవదని అక్కడి విద్యార్థుల నమ్మకమట, వాడు ఇన్నేళ్ళూ ఎక్కలేదు. ఆ రాత్రి నాన్న తోర్తెల్లోనీ తిన్నారు, సేజ్ ఆకుని ఒక్కొక్కటిగా ఏరుకుని నమిలారు, కరివేపాకు పక్కన పడేసే మనిషి! నేను తాల్యాతెల్లె రగూతో తిన్నాను. రంగు ఎరుపు కాదు, గోధుమ. పళ్ళెంలో రసం అసలు మిగల్లేదు. మార్చిలో నేను అడిగింది ఎంత తప్పో అప్పుడు తెలిసింది.

అమ్మ మొదటి రోజు కుక్కరు అన్నం, కందిపొడి. రెండో రోజు పొలెంతా, పుట్టగొడుగులు. మూడో రోజు అప్పడాల కర్ర గారు చెప్పిన అద్దం దగ్గరికి తీసుకెళ్ళాను. పది నిమిషాలు చూసి వచ్చేద్దామనుకున్నాను. అమ్మ గంట కదల్లేదు. లోపల ఇద్దరు ఆడవాళ్ళు తోర్తెల్లీని చుడుతున్నారు. చదరపు ముక్క మీద బఠాణీ గింజంత ముద్ద, మడిచి త్రికోణం, చిటికెన వేలికి చుట్టి రెండు కొసలూ కలిపి నొక్కడం. వేలి నుంచి జారితే ఒకటి పూర్తయినట్టు. లోపల ఉన్నది ఏ మాంసమో అమ్మకి తెలుసు. అయినా కళ్ళు తిప్పలేదు. కాసేపటికి చూస్తే, కొంగు చివరని చిటికెన వేలికి చుట్టి మడత వేసి చూసుకుంటోంది. లోపలావిడ గమనించి, చేయి నెమ్మది చేసి, ఒకటి అద్దానికి దగ్గరగా పెట్టి మళ్ళీ చుట్టి చూపించింది.

అప్పడాల కర్ర
కొంగుతోనా! ఇక మా ఇంటి పీట మీద అమ్మగారిదే రాజ్యం, ఎప్పుడైనా రమ్మనండి.

పాలవెల్లి
గుడ్డు లేకుండా ఇంట్లో చేసుకోవచ్చు. సన్నటి గట్టి గోధుమ రవ్వ, గోరువెచ్చని నీళ్ళు. ఇటలీ దక్షిణ జిల్లాల్లో తాజా పాస్తా అలాగే చేస్తారు. కజ్జికాయ పిండి కంటే గట్టిగా కలిపి అరగంట కప్పి ఉంచమనండి. అంత పల్చగా సాగదు గానీ చుట్టడానికి వస్తుంది.

కృష్ణాతీరం
ఇప్పుడే చదివి వినిపించాను. లోపల పనీర్, పుదీనా పెడుతుందట. రవ్వ నానబెట్టాలా అని అడుగుతోంది.

పాలవెల్లి
నానబెట్టక్కర్లేదు. నీళ్ళు ఒకేసారి పోయవద్దని చెప్పండి.